కోచ్ కొడుకు ఏ పొజిషన్‌లో ఆడాలి?

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక తండ్రి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆయన గుంటూరులో చదువుకునే రోజుల్లో క్రికెట్ బాగా ఆడినవారు. తొమ్మిదేళ్ళ కొడుకు క్రికెట్ అకాడమీకి వెళ్తున్నాడు. స్కూల్లో స్నేహితులంతా ఆడుతున్నారని ఈ వసంతంలో బేస్‌బాల్ రెక్ లీగ్‌లో (సరదాగా ఆడుకునే స్థానిక లీగ్‌లో) కూడా చేర్పించారు. సీజన్ మొదలైన కొత్తలోనే హెడ్ కోచ్ ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయాడు. "మీకు క్రికెట్ వచ్చు కదా" అంటూ తోటి తల్లిదండ్రులు టీమ్‌ని ఈయన చేతిలో పెట్టారు. టీమ్‌లో తొమ్మిది, పదేళ్ళ పిల్లలు పన్నెండు మంది. శనివారం మ్యాచ్‌కి ఎవరు ఎక్కడ ఫీల్డింగ్ చేయాలో ఇప్పుడు ఈయనే రాయాలి.

చిక్కంతా ముగ్గురు పిల్లల దగ్గర వచ్చింది. ఒకడు టీమ్‌లో అందరికంటే బాగా ఆడతాడు, ఊళ్ళు తిరిగి పోటీలు ఆడే ట్రావెల్ టీమ్‌లో కూడా ఉన్నాడు. వాళ్ళ నాన్న ప్రతి మ్యాచ్‌కి ముందు వచ్చి, మావాడు పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) చేయాలి, చేయనప్పుడు క్యాచర్‌గానో (మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక), షార్ట్‌స్టాప్‌లోనో (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య) ఉండాలి అంటాడు. రెండోవాడు తెలుగువాళ్ళ పిల్లవాడే, రెండు కుటుంబాలకీ రాకపోకలున్నాయి. బంతి దగ్గరికొస్తే ముఖం పక్కకి తిప్పేస్తాడు. అందుకని నాలుగు వారాలుగా బంతి తక్కువగా వెళ్ళే దూరపు చోటు లెఫ్ట్ ఫీల్డ్‌లోనే ఉంచారు. ఉగాదికి భోజనానికి పిలిస్తే వాళ్ళు ఏదో పని ఉందని రాలేదు. మూడోవాడు సొంత కొడుకు. వాడికి షార్ట్‌స్టాప్ ఆడాలని కోరిక. కోచ్ తన కొడుకుకి మంచి చోటు ఇచ్చుకున్నాడని ఎవరూ అనకూడదని ఈయన వాణ్ణి దాదాపు ప్రతిసారీ అలాంటిదే ఇంకో దూరపు చోటు రైట్ ఫీల్డ్‌కి పంపుతున్నారు. పోయిన వారం కార్లో వాడు, "నాన్నా, నాకు ఆట రాదని నీకు అనిపిస్తోందా?" అని అడిగాడట. భార్య అయితే, "అందరి పిల్లలకీ న్యాయం చేస్తారు, మన పిల్లాడికి తప్ప" అని మాట్లాడటం తగ్గించేశారు.

గెలవడానికి ఆడించాలా, అందరినీ అన్ని చోట్లా తిప్పాలా? కొడుకుని ఏం చేయాలి? సీజన్ చివర టోర్నమెంట్ ఉంది, అప్పుడేం చేయాలి? ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీరు మీ అబ్బాయి సంగతి ఉత్తరం చివర నాలుగు మాటల్లో రాశారు. నేను అక్కడే మొదలుపెడతాను.

మీరు పక్షపాతం చూపించడం లేదని పదకొండు కుటుంబాలకి తెలియాలి. అందుకోసం మీ అబ్బాయి ప్రతి శనివారం రైట్ ఫీల్డ్‌లో నిలబడుతున్నాడు. ఈ సంగతి మీకు తెలుసు, వాడికి తెలియదు. ఆట బాగా తెలిసిన నాన్న తనని దూరంగా పెట్టాడు కాబట్టి తనకి ఆట రానట్టే అని వాడు లెక్కవేసుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఇంకోలా లెక్కవేయలేడు. కార్లో అడిగిన ప్రశ్న అక్కణ్ణించే వచ్చింది. మీ ఆవిడ కోపం కూడా నాకు అన్యాయంగా కనిపించలేదు. ఆవిడ బయట కూర్చుని ఆరు ఇన్నింగ్స్‌లూ వాడి ముఖమే చూస్తుంటారు కదా.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. ఇప్పుడు చేస్తున్నట్టే చేయవచ్చు. బయటివాళ్ళు ఏమీ అనరు, కానీ వచ్చే ఏడాది వాడు బేస్‌బాల్ వద్దంటే ఆశ్చర్యపోకండి. రెండోది, అడిగాడు కదా అని షార్ట్‌స్టాప్ ఇచ్చేయడం. త్రో ఇంకా ఫస్ట్ బేస్ (బంతి కొట్టగానే బ్యాటర్ మొదట పరిగెత్తే చోటు) దాకా నేరుగా వెళ్ళడం లేదని మీరే రాశారు. అక్కడ వరుసగా తప్పులు చేస్తే వాడికి ఇంకా కష్టంగా ఉంటుంది, మీ మీద మాటా వస్తుంది. మూడోది, మిగతా పదకొండు మందికి ఏ పద్ధతో వాడికీ అదే పద్ధతి పెట్టి, వాడి పేరు ఎక్కడ రాయాలో మాత్రం మీ అసిస్టెంట్ కోచ్‌కి వదిలేయడం. సొంత పిల్లల టీమ్‌కి కోచింగ్ ఇచ్చేవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు. నాకూ ఇదే సరైనదనిపిస్తోంది. అసిస్టెంట్‌తో, "వాడు నా కొడుకు కాకపోతే ఎక్కడ ఆడిస్తారో అక్కడ ఆడించండి" అని చెప్పండి. ఆయన సెకండ్ బేస్ అనవచ్చు. అక్కణ్ణించి ఫస్ట్ బేస్‌కి త్రో దగ్గర, ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి మైదానం) ఆటంతా నేర్చుకోవచ్చు. షార్ట్‌స్టాప్ కావాలంటే ఏం రావాలో కూడా వాడికి స్పష్టంగా చెప్పండి: బంతి అందుకోగానే పాదాలు ఫస్ట్ బేస్ వైపు తిప్పుకోవాలి, అవతలివాడి ఛాతీకి గురిపెట్టి విసరాలి. వికెట్లకి గురిపెట్టి కిందుగా విసిరే క్రికెట్ అలవాటు ఉంటే అది మారడానికి కొంత టైమ్ పడుతుంది. ఏం నేర్చుకుంటే ఏం దొరుకుతుందో తెలిసిన పిల్లవాడు ఓపిక పడతాడు.

కార్లో మాత్రం కోచ్‌గా మాట్లాడకండి. వాడి ప్రశ్నకి ఇంకా జవాబు చెప్పి ఉండరు. ఇవాళే చెప్పండి. "నీకు ఆట రాదని కాదు. నా కొడుకువి కాబట్టి నీకు ఎక్కువ ఇస్తున్నానని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాను. ఇక నుంచి అలా చేయను" అంటే చాలు. పిల్లలకి ఇలాంటి మాట అర్థమవుతుంది.

ఇప్పుడు పన్నెండు మంది సంగతి. గెలవాలా, తిప్పాలా అని మీరు ఒకే ప్రశ్నగా అడిగారు. దాన్ని రెండుగా విడదీస్తేనే దారి దొరుకుతుంది. మొదటిది, ఎక్కడ ఎవరికి దెబ్బ తగులుతుంది? రెండోది, మిగిలిన చోట్లు ఎలా పంచాలి? మొదటిదానిలో బేరాలు ఉండకూడదు. రెండోదానిలో మీకు చాలా వెసులుబాటు ఉంది.

దెబ్బ సంగతి చూద్దాం. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ కొలతల ప్రకారం ఈ వయసు పిల్లలకి పిచర్ నిలబడే చోటుకీ, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కీ మధ్య 46 అడుగులే. బ్యాట్ నుంచి నేరుగా వచ్చే బంతికి పిచర్ కళ్ళు వెంటనే స్పందించాలి. ఫస్ట్ బేస్‌లో ఉన్నవాడికి ప్రతి ఇన్నింగ్స్‌లోనూ త్రోలు గట్టిగా వస్తాయి, అవి ఎప్పుడూ సూటిగా రావు. కుడిచేతి బ్యాటర్ గట్టిగా లాగి కొడితే బంతి థర్డ్ బేస్ వైపు దూసుకుపోతుంది. క్యాచర్‌కి రక్షణ సరంజామా ఉంటుంది గానీ, బ్యాట్ ఊగుతుంటే కళ్ళు మూసుకోకుండా ఉండటం రావాలి. కాబట్టి ఫస్ట్ బేస్, పిచర్, క్యాచర్ ఈ మూడు చోట్లకీ ప్రాక్టీస్‌లో మీరు కళ్ళారా చూసి సరే అనుకున్నవాళ్ళనే పెట్టండి. ఎవరి నాన్న అడిగినా, ఎవరి అమ్మ బాధపడినా ఇందులో సర్దుబాటు వద్దు. న్యాయం పేరుతో బంతి పట్టలేని పిల్లవాణ్ణి ఫస్ట్ బేస్‌లో నిలబెట్టి, వాడి పెదవి చిట్లితే, వాడికి మీరు ఏ న్యాయమూ చేయనట్టే.

అందరినీ అన్ని చోట్లా సమానంగా తిప్పడం ఈ కారణంగానే నాకు ఇష్టం లేదు. ఇంకో కారణమూ ఉంది. ఫస్ట్ బేస్‌లో ఎవరూ పట్టలేకపోతే ఇన్‌ఫీల్డ్‌లో ఎంత మంచి త్రో వేసినా అవుట్ రాదు. షార్ట్‌స్టాప్‌లో కష్టపడి బంతి ఆపిన పిల్లవాడికి ఫలితం కనపడదు. అలాగని ఎవరి చోటు వారికే సీజన్ అంతా రాసిపెట్టేస్తే, మీరు ఇంకో రెండు మ్యాచ్‌లు గెలుస్తారు. కానీ అవుట్‌ఫీల్డ్‌లో, బెంచ్ మీద మిగిలిన పిల్లలు నేర్చుకోవడం ఆగిపోతుంది. తొమ్మిదేళ్ళకి కాస్త ఎత్తుగా, చురుగ్గా ఉన్నవాడే పదమూడేళ్ళకి కూడా ముందుంటాడని చెప్పలేం. ఎవరు ఎప్పుడు ఎదుగుతారో తెలియని వయసు ఇది.

అంకెల్లో వేసి చూస్తే మీకే ధైర్యం వస్తుంది. ఆరు ఇన్నింగ్స్‌లు, పన్నెండు మంది. ఒక్కో ఇన్నింగ్స్‌లో తొమ్మిది మంది లోపల, ముగ్గురు బెంచ్ మీద. పిచర్, క్యాచర్, ఫస్ట్ బేస్ కలిపి మ్యాచ్ మొత్తానికి 18 ఇన్నింగ్స్‌ల పని. దాన్ని మీరు నమ్మే ఐదుగురికి పంచండి. సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్ కలిపి ఇంకో 18. అందులో మిగిలిన ఏడుగురికీ తలా రెండు ఇచ్చినా 14 అవుతాయి, ఇంకా నాలుగు మిగులుతాయి. అంటే ఎవరికీ ప్రమాదం లేకుండానే ప్రతి పిల్లవాడూ ప్రతి మ్యాచ్‌లో కనీసం రెండు ఇన్నింగ్స్‌లు ఇన్‌ఫీల్డ్‌లో ఆడవచ్చు. ఆ ఏడుగురిలోనూ బంతికి వెనకాడేవాడు ఉంటే వాడి రెండూ సెకండ్ బేస్‌లో ఇవ్వండి, థర్డ్ బేస్ వద్దు. బెంచ్ కూడా పంచుకోవాల్సిందే, ఆ ఐదుగురితో సహా.

ఒక జాగ్రత్త. రెక్ లీగ్ మ్యాచ్‌లు టైమ్ అయిపోయి నాలుగో ఇన్నింగ్స్‌కే ఆగిపోవడం మామూలే. "చివర్లో ఇస్తాను" అన్న పిల్లవాడికి ఆ చివర రాదు. కాబట్టి ఇన్‌ఫీల్డ్ అవకాశం తక్కువ వచ్చేవాళ్ళకి మొదటి మూడు ఇన్నింగ్స్‌లలోనే ఇచ్చేయండి. శుక్రవారం రాత్రే కాగితం మీద రాయండి. మ్యాచ్ జరుగుతుంటే పక్కనుంచి అరుపులు వింటూ అప్పటికప్పుడు వేసే నిర్ణయాలు చాలావరకు మొహమాటంతో వేసేవే అవుతాయి. ఆ కాగితాలు దాచుకోండి. ఎవరు ఎక్కడ ఎన్నిసార్లు ఆడారో నెల తర్వాత అడిగితే చూపించవచ్చు. మీ ఆవిడకి కూడా చూపించండి. మీ లీగ్ నియమాల పుస్తకం కూడా ఒకసారి తీయండి. ఒక్కో పిల్లవాడు కనీసం ఎంతసేపు ఆడాలో చాలా లీగుల్లో నియమం ఉంటుంది.

ఇక అవుట్‌ఫీల్డ్. మీ ఉత్తరంలో రైట్ ఫీల్డ్‌ని మీరే శిక్షలాగా రాశారు. మీకు అలా ఉంటే పిల్లలకీ అలాగే ఉంటుంది. ఈ వయసులో బంతి అంత దూరం తక్కువగా వెళ్తుందన్నది నిజమే. కానీ ఈ వయసులోనే త్రోలు ఎక్కువగా తప్పిపోతాయి. ఫస్ట్ బేస్‌కి త్రో పడుతున్న ప్రతిసారీ రైట్ ఫీల్డర్ ఆ బేస్ వెనక్కి పరిగెత్తి కాపు కాయాలి. థర్డ్ బేస్‌కి లెఫ్ట్ ఫీల్డర్, సెకండ్ బేస్‌కి సెంటర్ ఫీల్డర్ అలాగే కాయాలి. ఈ పని చెప్పి పంపిన పిల్లవాడు గడ్డి పీకుతూ కూర్చోడు. ప్రాక్టీస్‌లో కూడా సగం టైమ్ అవుట్‌ఫీల్డ్‌కి ఇవ్వండి, బాగా ఆడేవాళ్ళని కూడా అక్కడికి పంపండి.

పిల్లలకి అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఆడే మూకీ బెట్స్ కథ చెప్పండి. 2011లో బోస్టన్ రెడ్ సాక్స్ టీమ్ అతన్ని ఇన్‌ఫీల్డర్‌గా తీసుకుంది. సెకండ్ బేస్‌లో అప్పటికే డస్టిన్ పెడ్రోయా ఉన్నాడు, చోటు లేదు. అవుట్‌ఫీల్డ్‌కి మారాడు. రైట్ ఫీల్డ్‌లో, మంచి ఫీల్డర్లకి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు ఆరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత డాడ్జర్స్ టీమ్‌లో ముప్పై దాటాక షార్ట్‌స్టాప్ ఆడాడు. బస్టర్ పోసీ కాలేజీలో షార్ట్‌స్టాప్‌గా మొదలై క్యాచర్‌గా పెద్దవాడయ్యాడు. కెన్లీ జాన్సెన్ కింది స్థాయి మైనర్ లీగ్‌లో క్యాచర్, తర్వాత పేరుమోసిన పిచర్. ఇరవై దాటాక కూడా ఇన్ని మార్పులు జరిగే ఆటలో, తొమ్మిదేళ్ళ పిల్లవాడి చోటు ఇప్పుడే తేల్చేయాల్సిన పని లేదు.

గట్టిగా ఆడే అబ్బాయి నాన్న విషయంలో మీరు మొహమాటపడుతున్నారు. వద్దు. ఇక్కడ మీ వైపు చాలా బలమైన కారణం ఉంది. అది ఆ పిల్లవాడి చెయ్యే. ఎముక చివర పెరిగే మెత్తని భాగం ఈ వయసులో ఇంకా గట్టిపడదు. విశ్రాంతి లేకుండా విసిరితే మోచేతి లోపలివైపు నొప్పి మొదలవుతుంది. డాక్టర్లు దానికి పెట్టిన పేరే లిటిల్ లీగర్స్ ఎల్బో. లిటిల్ లీగ్ 2007 నుంచి విసిరిన బంతులు లెక్కపెట్టే నియమం తెచ్చింది. తొమ్మిది, పదేళ్ళవాళ్ళు రోజుకి 75 మించకూడదు. 66, ఆపైన విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి. 41 విసిరిన తర్వాత ఆ రోజు క్యాచర్‌గా నిలబడకూడదు. నాలుగు ఇన్నింగ్స్‌లు క్యాచర్‌గా ఉన్నవాడు ఆ రోజు పిచింగ్ చేయకూడదు. క్యాచర్ ప్రతి బంతినీ తిరిగి విసరాలి కదా, ఆ భారమూ అదే భుజం మీద పడుతుంది. ఆ తండ్రి అడుగుతున్నది సరిగ్గా ఈ రెండు పనులూ కలిపి.

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ సూచనలు ఇంకా ముందుకెళ్తాయి. పిల్లలు ఒకే సమయంలో రెండు టీమ్‌లకి పిచింగ్ చేయకుండా చూడమని, ఏడాదిలో నాలుగు నెలలు విసరడం మానిపించమని చెబుతాయి. కాబట్టి ఆయన్ని పక్కకి పిలిచి, "ఈ వారం ట్రావెల్ టీమ్‌లో ఎన్ని విసిరాడు?" అని అడగండి. ప్రతి వారం అడగండి. చెప్పకపోతే పిచింగ్ ఇవ్వకండి. 2022లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో టెక్సస్ రేంజర్స్ టీమ్ మూడో నంబర్‌గా తీసుకున్న పిచర్ కుమార్ రాకర్ గురించి మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళ అమ్మగారి తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు. అంత దృఢమైన యువకుడికి కూడా 2023లో మోచేతి లిగమెంట్ ఆపరేషన్ జరిగింది. కోలుకుని 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. పదేళ్ళ పిల్లవాడి చేతిని మనం ఇంకెంత జాగ్రత్తగా చూసుకోవాలి! మీ అబ్బాయి క్రికెట్ అకాడమీలో బౌలింగ్ చేస్తుంటే ఆ రోజుల్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఆ తండ్రికి కోపం వచ్చి పిల్లవాణ్ణి మాన్పించవచ్చు. అది మీకు పెద్ద నష్టమే, రెండు మ్యాచ్‌లు ఓడిపోతారేమో. ఆ నష్టానికి సిద్ధపడి మాట్లాడండి. ఆ పిల్లవాడికి చిన్న బాధ్యత ఇస్తే మాత్రం పరిస్థితి మారవచ్చు. అవుట్‌ఫీల్డ్‌లో రెండు ఇన్నింగ్స్‌లు ఆడుతూ పక్కవాడికి బంతి ఎటు వస్తుందో చెప్పమనండి. బాగా ఆడే పిల్లలకి ఇది నచ్చుతుంది.

మీ స్నేహితుల బాబు విషయంలో మీ నిర్ణయం సగం సరైనది. వాణ్ణి ప్రమాదానికి దూరంగా పెట్టారు, మంచిదే. కానీ భయం పోగొట్టే పని మొదలుపెట్టలేదు, నాలుగు వారాలు గడిచాయి. ప్రాక్టీస్‌కి పది నిమిషాలు ముందు రమ్మని, గ్లవ్ లేకుండా టెన్నిస్ బంతితో క్యాచ్‌లు పట్టించండి. మనం చిన్నప్పుడు వీధిలో ఆడిన బంతే కదా, తగిలినా నొప్పి ఉండదని వాడికి ఒంట్లో తెలియాలి. తర్వాత మెత్తటి బేస్‌బాల్, ఆ తర్వాత అసలు బంతి. గ్లవ్ వాడి చేతికి పెద్దదేమో, గట్టిగా ఉండి మూసుకోవడం లేదేమో చూడండి. చాలామంది పిల్లల భయానికి సగం కారణం అదే. మెత్తటి బంతిని ముఖం తిప్పకుండా పట్టడం మొదలుపెట్టాక సెకండ్ బేస్‌లో ఒక్క ఇన్నింగ్స్ ఇవ్వండి. ఈ బాబు విషయంలో రెండు ఇన్నింగ్స్‌ల లెక్క కొన్ని వారాలు ఆగినా ఫరవాలేదు.

వాళ్ళ అమ్మానాన్నలకి మీరే ఫోన్ చేయండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పదిమందిలో పిల్లవాడి భయం బయటపడితే ఏ తల్లికైనా మనసు చివుక్కుమంటుంది. "అన్నయ్యా, బాబుకి దెబ్బ తగలకూడదని అక్కడ పెట్టాను. ముందే మీకు చెప్పాల్సింది. ఈ వారం నుంచి ఇలా నేర్పిద్దామనుకుంటున్నాను, ఇంట్లో మీరూ రోజూ కాసేపు క్యాచ్‌లు ఆడించండి" అనండి. బహుశా కలుస్తారు. కలవకపోయినా బాబుకి నేర్పించడం ఆపకండి.

టోర్నమెంట్ గురించి రెండు రకాలుగా చేయవచ్చు. ఇదే పద్ధతి కొనసాగించవచ్చు. పిల్లలు సంతోషంగా ఉంటారు, మొదటి రౌండ్‌లోనే బయటికి రావచ్చు. లేదా కీలకమైన చోట్లు బాగా ఆడేవాళ్ళకి ఎక్కువగా ఇచ్చి, మిగతావాళ్ళకి ఇన్‌ఫీల్డ్ ఒక్క ఇన్నింగ్స్‌కి తగ్గించవచ్చు. రెండోది ఎంచుకుంటే నేను తప్పుపట్టను, పిల్లలకి కూడా గెలవాలని ఉంటుంది. అయితే ఆ ఒక్క ఇన్నింగ్స్‌ని సున్నా చేయకండి. ఏది ఎంచుకున్నా టోర్నమెంట్ రోజు పొద్దున కాకుండా ఇప్పుడే అందరు తల్లిదండ్రులకీ ఒకే మెసేజ్‌లో చెప్పండి. పద్ధతి గురించి గ్రూపులో చెప్పినా తప్పులేదు. ఎవరైనా అభ్యంతరం చెబితే వినడానికి మీకు ఇంకా కొన్ని వారాల టైమ్ ఉంటుంది.